కోటి రూపాయలు అక్కర్లేని ఆట

బ్రిటన్‌లో ఒక టీవీ పోటీ ఉంది. అందులో వరసగా ఎనిమిది ఆటలు గెలిచినా నగదు బహుమతి ఏమీ ఉండదు. మొదటి గెలుపుకి ఒక టీపాట్ ఇస్తారు. ఎనిమిదో గెలుపు తర్వాత చప్పట్లు కొట్టి సాగనంపుతారు, సిరీస్ చివర జరిగే ఫైనల్స్‌కి మళ్ళీ పిలుస్తారు. ఆ పోటీ పేరు కౌంట్‌డౌన్. 1982 నవంబర్ 2న ఛానల్ 4 మొదలైన రోజు ఆ ఛానల్‌లో వచ్చిన మొట్టమొదటి కార్యక్రమం అదే. నలభై ఏళ్ళు దాటినా ఇప్పటికీ మధ్యాహ్నం పూట వస్తూనే ఉంది.

ఇలాంటి ఆట తెలుగు టీవీలో రావాలని నా కోరిక. వస్తే డబ్బు లేకుండానే రావాలి. రెండో మాటే ముఖ్యం. ఎందుకో చెప్తాను.

నేనుండేది లీడ్స్‌లో. 2009 దాకా కౌంట్‌డౌన్ ఈ ఊళ్ళోనే తీసేవాళ్ళట. నేను వచ్చేసరికి మాంచెస్టర్ వైపు వెళ్ళిపోయింది. డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఉద్యోగం కోసం ఎదురు చూస్తున్న రోజుల్లో మధ్యాహ్నాలు గడవక టీవీ పెట్టుకునేదాన్ని. ఇక్కడి క్విజ్‌లు చాలావరకు నాకు అందేవి కావు. ఫలానా సీరియల్లో ఫలానా పాత్ర ఎవరు వేశారు, 1970ల్లో ఏ పాట నంబర్ వన్ అయింది లాంటి ప్రశ్నలు ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకే. కౌంట్‌డౌన్‌లో ప్రశ్నలే ఉండవు. తొమ్మిది అక్షరాలు, లేదంటే ఆరు అంకెలు, ముప్పై సెకన్లు. నా ముందు ఉన్నవే ఆడేవాళ్ళ ముందూ ఉంటాయి, దాచేదేమీ లేదు. అక్షరాల దగ్గర వాళ్ళ భాష కాబట్టి వాళ్ళదే పైచేయి. అంకెల దగ్గర మాత్రం నాకూ వాళ్ళకీ తేడా లేదు.

ఆట తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. ఇద్దరు ఆడతారు. ఒకరు "హల్లు, ఇంకో హల్లు, అచ్చు" అని అడుగుతుంటే తొమ్మిది అక్షరాలు బోర్డు మీదికి వస్తాయి. వాటితో ఎంత పెద్ద మాట కడితే అన్ని మార్కులు. తొమ్మిదీ వాడేస్తే రెట్టింపు, అంటే 18. అంకెల ఆటకి 24 బిళ్ళలు ఉంటాయి. వాటిలో 25, 50, 75, 100 పెద్దవి, ఒకటి నుంచి పది దాకా రెండేసి చొప్పున చిన్నవి. ఆరు తీసుకోవాలి. యంత్రం ఒక మూడంకెల సంఖ్య ఇస్తుంది. కూడి, తీసేసి, హెచ్చవేసి, భాగించి దాన్ని చేరుకోవాలి. ఒక్కో బిళ్ళ ఒక్కసారే వాడాలి, మధ్యలో భిన్నం రాకూడదు. సరిగ్గా చేరితే 10, అయిదు లోపు తేడా ఉంటే 7, పది లోపు అయితే 5. చివర్లో కలగాపులగం చేసిన తొమ్మిదక్షరాల మాట ఒకటి ఇస్తారు, దాన్ని ముందు విప్పినవాళ్ళకి 10. అప్పటికి ఇద్దరి మధ్య తేడా పది లోపు ఉంటే ఆట మొత్తం ఆ ఒక్క మాట మీదే తేలుతుంది. ఆ టెన్షన్ ఇంట్లో కూర్చున్నవాళ్ళకీ అంటుకుంటుంది.

నాకు బాగా నచ్చిన మర్యాద ఒకటుంది. సమయం అయిపోగానే ఎవరికి ఎన్ని అక్షరాల మాట వచ్చిందో వాళ్ళే చెప్తారు. "ఏడు" అంటే ఏడే. మాట తట్టింది కానీ కాగితం మీద పెట్టే టైము చాలకపోతే "రాసుకోలేదు" అని వాళ్ళంతట వాళ్ళే ఒప్పుకుంటారు. ఎదుటివాళ్ళ మాటని కాపీ కొట్టారన్న అనుమానం రాకుండా అలాంటివాళ్ళు తమ మాటని ముందే చెప్పేస్తారు, దాంతో ఆట ముందుకు సాగిపోతుంది. కోటి రూపాయలు పందెం ఉంటే ఈ మర్యాద ఎన్ని రోజులు నిలుస్తుందో ఆలోచించండి.

ఇక 1997 నాటి ఒక అంకెల ఆట గురించి చెప్పాలి. యూట్యూబ్‌లో చాలామంది చూసే ఉంటారు. జేమ్స్ మార్టిన్ అనే పోటీదారు నాలుగు పెద్దవీ రెండు చిన్నవీ అడిగాడు. వచ్చినవి 25, 50, 75, 100, 3, 6. చేరాల్సింది 952. గడియారం ఆగాక 952 చేశానన్నాడు. అతను ఒక్కో మెట్టూ చెప్తుంటే అప్పట్లో అంకెలు చూసుకునే కరోల్ వోర్డర్‌మన్ బోర్డు మీద రాస్తూ వెళ్ళింది. నూరూ ఆరూ 106. మూడు పెట్టి హెచ్చవేస్తే 318. దాన్ని 75 పెట్టి హెచ్చవేస్తే 23,850. అక్కడికొచ్చేసరికి స్టూడియోలో నవ్వులు మొదలయ్యాయి, ఎందుకంటే మూడంకెల సంఖ్య కోసం బయల్దేరిన మనిషి ఇరవై వేలు దాటిపోయాడు. అందులోంచి 50 తీసేస్తే 23,800. 25 పెట్టి భాగిస్తే 952.

మా నాన్న లెక్కల మాస్టారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో చేసి రిటైరయ్యారు. ఇక్కడికి వచ్చినప్పుడు ఆ వీడియో చూపించాను. నేను ఆశ్చర్యపోయినట్టే ఆయనా ఆశ్చర్యపోతారనుకున్నాను. ఆయన వీడియో ఆపించి, కరెంటు బిల్లు వెనకాల రాయడం మొదలుపెట్టారు.

"ఇటు చూడు అమ్మాయ్. ఇరవై మూడు వేలూ అదీ అంతా పైకి కనిపించేదే. డెబ్బై అయిదుని పాతికతో కొడితే ఎంత?"

"మూడు."

"యాభైని పాతికతో కొడితే?"

"రెండు."

"మరింకేం! 318 మూళ్ళు 954. రెండు తీసెయ్. 952. పాతిక ఒక్కసారే వాడాలన్నారు కదా, అందుకని భాగించడం చివరికి తోశాడు. అంతే గానీ ఆ పెద్ద లెక్క చెయ్యాల్సిన పనే లేదు."

ఆ కుర్రాడు ఆ ముప్పై సెకన్లలో నిజంగా ఇలాగే ఆలోచించాడో, పెద్ద సంఖ్యలతోనే కుస్తీ పట్టాడో నేను చెప్పలేను. నాన్న అక్కడితో ఆగలేదు. ఆ సాయంత్రం టీ తాగుతూ ఇంకో దారి చెప్పారు. నూరూ మూడూ 103, దాన్ని ఆరు పెట్టి హెచ్చవేస్తే 618. యాభైకి డెబ్బై అయిదు ఒకటిన్నర రెట్లు కాబట్టి 75 పెట్టి హెచ్చవేసి 50 పెట్టి భాగిస్తే 927. దానికి 25 కలిపితే 952. ఇది ఇంకా చక్కగా ఉంది. రెండు నెలలపాటు మధ్యాహ్నం అయ్యేసరికి ఆయన కాగితం, పెన్నుతో టీవీ ముందు హాజరు. ఇంగ్లీషు మాటలు సగం అర్థమయ్యేవి కావు. అక్షరాల వంతు వస్తే కాఫీ కలుపుకోవడానికి లేచేవారు. అంకెలు రాగానే "ఉండు, మాట్లాడకు" అనేవారు.

ఇంట్లో కూర్చున్న మనిషి చేత పెన్ను పట్టించే కార్యక్రమం ఇది. కోటి రూపాయల ఆటల్లో ఆ బలం లేదు. 2014లో మా టీవీలో నాగార్జున గారితో 'మీలో ఎవరు కోటీశ్వరుడు' మొదలైనప్పుడు మా ఇంటిల్లిపాదీ చూశాం. 2021లో జెమినీలో ఎన్టీఆర్ చేసిన 'ఎవరు మీలో కోటీశ్వరులు' కూడా కొన్నాళ్ళు చూశాను. బాగా చేశారు, కాదనను. వాటి నుంచి చాలామందికి అప్పులు తీరాయి, పిల్లల చదువులు సాగాయి. ఆ మంచిని తీసిపారేసే హక్కు నాకు లేదు. కానీ అక్కడ మనం చూసేదేమిటి? పోటీదారు కష్టాల వీడియో ముందు వేస్తారు. తర్వాత నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమంటారు. ఎంచుకున్నాక సంగీతం, నిశ్శబ్దం, "ఫిక్స్ చేసెయ్యమంటారా?", ప్రకటనల విరామం. ఆలోచన రెండు సెకన్లలో అయిపోతుంది, మిగతా సమయమంతా డబ్బు గురించిన భయం. తెలిస్తే తెలిసినట్టు, లేకపోతే లేదు. తెలియని జవాబుని కూర్చుని తయారుచేసుకోలేం కదా. 952ని తయారుచేసుకోవచ్చు.

డబ్బు పెట్టగానే పోటీదారు గురించి మనం అడిగే ప్రశ్న కూడా మారిపోతుంది. "ఎలా చేశాడు?" అన్నది పోయి "ఎంత గెలిచాడు?" అన్నది వస్తుంది. కౌంట్‌డౌన్‌లో ఎనిమిది గెలిచినవాళ్ళ గురించి ఇక్కడివాళ్ళు మాట్లాడుకునేటప్పుడు చెప్పుకునేది వాళ్ళ ఆటే. 2002లో జూలియన్ ఫెల్ అనే ఆయన ఒకే ఆటలో 146 మార్కులు తెచ్చుకున్నాడు, చాలా ఏళ్ళు దాన్ని దాటినవాళ్ళు లేరు. కానర్ ట్రావర్స్ 14 ఏళ్ళ వయసులో సిరీస్ గెలిచాడు, 2013లో ముప్పై ఏళ్ళ వేడుక కోసం పాత ఆటగాళ్ళని పిలిచి పెట్టిన పోటీలోనూ అతనే నెగ్గాడు. వీళ్ళకి వచ్చిన డబ్బెంత అని ఎవరూ అడగరు.

ఎనిమిది గెలిస్తే చాలు, ఇక లేవాలి అన్న నియమం కూడా నాకు సబబుగానే తోస్తుంది. చాలామంది ఒప్పుకోరు. గెలుస్తున్నవాణ్ణి ఎందుకు ఆపాలి, ఎంత దూరం వెళ్తాడో చూడాలి కదా అంటారు. అమెరికాలో జెపర్డీ అనే టీవీ క్విజ్‌కి అయిదు రోజుల హద్దు ఉండేది, 2003లో తీసేశారు. మరుసటి ఏడే కెన్ జెనింగ్స్ వరసగా 74 ఆటలు గెలిచి 25 లక్షల డాలర్లు దాటాడు. గొప్పే, ఎవరు కాదంటారు? కానీ ఆటకి ఇద్దరు చొప్పున 148 మంది ఎన్నాళ్ళో ఎదురుచూసి, అక్కడిదాకా వచ్చి, ఆ ఒక్క మనిషి ఎదుట ఓడి వెళ్ళారు. హద్దు ఉంటే వాళ్ళలో ఎందరికో తమ స్థాయి మనిషితో ఆడే రోజు దొరికేది. కౌంట్‌డౌన్‌లో ఎంతటివాడైనా ఎనిమిదో ఆట తర్వాత లేచిపోతాడు. ఆ మర్నాడు ఇద్దరు కొత్తవాళ్ళు, ఒకరు రిటైరైన బస్సు డ్రైవరు కావచ్చు, ఒకరు కాలేజీ పిల్ల కావచ్చు, సమానంగా మొదలుపెడతారు. అత్యుత్తములు ఎవరో తేల్చడానికి సిరీస్ చివర ఎనిమిది మందితో ఫైనల్స్ ఎలాగూ ఉన్నాయి.

ఈ ఆట మీద వచ్చే విమర్శల్లో ఒకదానికి మాత్రం బలముంది. ఇప్పుడు పైకొస్తున్నవాళ్ళు ఏళ్ళ తరబడి కంప్యూటర్ మీద సాధన చేసి వస్తున్నారు, మాటల జాబితాలు బట్టీ పట్టి వస్తున్నారు అని. నిజమే. ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టీ అనే ఏడక్షరాలు కలిసి పడితే సాధన ఉన్నవాళ్ళు గడియారం వంక చూడరు. రిటెయిన్స్, రెటినాస్, నాస్టియర్, స్టెయినర్ అని గుక్క తిప్పుకోకుండా చెప్తారు. సరదాకి వచ్చిన పెద్దావిడ వాళ్ళ ముందు నిలవలేదు. మొదటి సిరీస్ గెలిచిన జాయిస్ క్యాన్స్‌ఫీల్డ్ గళ్ళనుడికట్లు తయారుచేసే ఆవిడ. మాటలతో రోజూ పనిచేయడం వల్ల వచ్చిన చురుకుదనం ఆమెది. ఆ తరహా మనుషులు తగ్గారని నాకూ బాధే. అయినా సాధనని తప్పు పట్టలేను. సాధన చేసినవాడికైనా ఆ ముప్పై సెకన్లలో ఆ తొమ్మిది అక్షరాల్లోంచి మాట కళ్ళకి కనబడాలి, అది బట్టీతో రాదు. ఎనిమిది ఆటల హద్దు ఇక్కడ కూడా కాపు కాస్తుంది. సాధకుడు ఎనిమిది ఆటలే కూర్చుంటాడు, కుర్చీ అతని సొత్తు కాదు.

మన దగ్గర ఇవన్నీ ఎవరు చూస్తారు అని కొందరు తెలుగు మిత్రులు అంటారు. అక్షరాల ఆటకి జనం రారు అనే మాట తెలుగువాళ్ళ నోట వస్తే నేను ఒప్పుకోను. అవధానం ఎవరిది? నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే పృచ్ఛకుడు తర్వాత రాబోయే అక్షరాన్ని పసిగట్టి "అది వద్దు" అంటాడు. అవధాని ఆ క్షణంలో ఇంకో దారి పట్టి, ఛందస్సు తప్పకుండా, అర్థం చెడకుండా పద్యం నడపాలి. న్యస్తాక్షరిలో ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం రావాలంటారు. మరోపక్క ఒకరు మధ్యమధ్య గంట కొడుతుంటే ఎన్ని గంటలు పడ్డాయో లెక్క పెట్టుకుని చివర్లో చెప్పాలి. అక్షరాలూ అంకెలూ ఒకే తలలో ఒకే సమయంలో! తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ఇది చేస్తే జనం విరగబడి చూశారు.

తేడా ఉంది, దాన్ని దాటెయ్యను. అవధానిని చూసి మనం దండం పెడతాం. మనకి చేతకాదని తెలిసే చూస్తాం. ఎదురుగా కూర్చున్న మనిషి కూడా ఓడించడానికి రాలేదు, పరీక్షించడానికి వచ్చాడు. నేనడుగుతున్న ఆట అలా కాదు. టెన్త్ చదివే పిల్లా, వాళ్ళ తాతయ్యా ఒకే బోర్డు చూసి పోటీ పడగలగాలి. అవధానం మనకి ఉన్నంత మాత్రాన ఈ రెండోది అక్కర్లేదని కాదు. ఆదివారం అనుబంధంలో గళ్ళనుడికట్టు పూరించేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ళకి టీవీలో చోటు లేదు, అంతే.

అంకెల ఆట అయితే రేపు పొద్దున మొదలుపెట్టొచ్చు. అనువాదం కూడా అక్కర్లేదు. మాటల ఆట దగ్గరే చిక్కంతా. కౌంట్‌డౌన్ మూలం ఫ్రాన్స్‌ది. ఆర్మాన్ జామో అనే ఆయన 1965లో మొదలుపెట్టినప్పుడు అందులో ఉన్నది మాటల ఆట, అంకెలు చేరి 1972లో కొత్త పేరుతో వచ్చింది, 2024 దాకా నడిచింది. ఇంగ్లండ్‌లో కూడా ఛానల్ 4కి ముందు యార్క్‌షైర్ టీవీ తన ప్రాంతం వరకే వేసి చూసుకుంది. అంటే చిన్నగా మొదలుపెట్టి తర్వాత పెంచుకోవచ్చు. ఫ్రెంచివాళ్ళు మాటలతో మొదలుపెట్టారు, మనం అంకెలతో మొదలుపెట్టి మాటల నియమాలు కుదిరాక వాటిని చేర్చుకోవచ్చు.

ఆ నియమాల గురించి కొంత ఆలోచించాను. ఇంగ్లీషులోలా అచ్చులూ హల్లులూ విడివిడిగా ఇస్తే మనకి కుదరదు. గుణింతాలన్నిటికీ బిళ్ళలు చేస్తే వందల్లో అవుతాయి. అందుకని తొమ్మిది హల్లులు మాత్రమే ఇవ్వాలి. వాటికి ఏ గుణింతమైనా పెట్టుకోవచ్చు, సున్నా ఎక్కడైనా చేర్చుకోవచ్చు, ఒత్తు కావాలంటే మాత్రం ఇంకో బిళ్ళ ఖర్చవుతుంది. మా వారాంతపు తెలుగు బడిలో పిల్లలతో, వాళ్ళని తీసుకొచ్చే పెద్దవాళ్ళతో ఆడించి చూశాం. వచ్చిన హల్లులు క, ప, ర, మ, ల, త, వ, న, ద. పిల్లలు 'కల', 'వాన', 'కవిత' దగ్గర ఆగారు. ఒకరు 'పలకరింత' అన్నారు, అయిదు. ఇంకొకరు 'కలవరం' అన్నారు, నాలుగు. వెంటనే 'కలవరము' అని మార్చి అయిదు అడిగారు. మనవణ్ణి దింపడానికి వచ్చిన ఒక అమ్మమ్మగారు వెనక బెంచీలోంచి 'దినపత్రిక' అన్నారు. ద, న, ప, త, ర, క, మొత్తం ఆరు. గది గదంతా చప్పట్లు.

అంతలో ఒక నాన్నగారు 'కవితాలాపన' అన్నారు. అదీ ఆరే. ఇక చూడండి గొడవ. దినపత్రిక సమాసమే అయినప్పుడు కవితాలాపన ఎందుకు చెల్లదు? చెల్లితే ఏ రెండు మాటలైనా అతికించుకుంటూ పోవచ్చు కదా, హద్దెక్కడ? క్లాసు అయిపోయినా ఈ చర్చ కారు పార్కింగ్ దాకా నడిచింది. పిల్లలు కూడా వదల్లేదు. తెలుగు బడిలో పిల్లలు ఇంటికి వెళ్దామని అనకుండా నిలబడ్డం నేను అంతకుముందు చూడలేదు.

నా తీర్పు ఇది. నిఘంటువులో ఆరోపంగా, అంటే విడి మాటగా ఎక్కిన సమాసం చెల్లుతుంది, అప్పటికప్పుడు అతికించింది చెల్లదు. క్రియలకి ఒకే రూపం, లేకపోతే 'వచ్చు' అనే ఒక్క మాటకే వంద రూపాలు తెస్తారు. 'ము', 'ం' రెండూ ఒకటే, చిన్న రూపానికే మార్కులు. కానీ 1885 నాటి శబ్దరత్నాకరం ముందు పెట్టుకుని తీర్పు చెప్తే 'బస్సు' చెల్లదు, 'టీవీ' చెల్లదు. అది నాకు ఇష్టం లేదు. కౌంట్‌డౌన్‌లో 1992 నుంచి సూజీ డెంట్ నిఘంటువు పక్కన కూర్చుంటోంది. ఆమె పుస్తకం తిరగేసి ఊరుకోదు, ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో, జనం ఎలా వాడుతున్నారో చెప్తుంది. మనకీ అలాంటి మనిషి కావాలి. శ్రీకాకుళంలో ఒక మాట, సిద్దిపేటలో ఇంకో మాట, రాయలసీమలో మరొకటి ఉంటే మూడూ తెలుగే అని ధైర్యంగా అనగలిగిన మనిషి అయి ఉండాలి. బోర్డు, గడియారం, బిళ్ళలు ఎవరైనా చేయించగలరు. ఈ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలన్న దాని మీదే నాకు దిగులు, దాని గురించి ముందు తేల్చుకోవాలి.